చట్టం పోయింది, జైల్లో గడిపిన రోజుల మాటేమిటి? మన అరవై మంది ఎంపీలకు బహిరంగ లేఖ

గౌరవనీయ సభ్యులకు నమస్కారం.

లోక్‌సభలో ఆంధ్రప్రదేశ్ నుంచి 25 మంది, తెలంగాణ నుంచి 17 మంది. రాజ్యసభలో అటు 11, ఇటు 7. అందరూ కలిస్తే అరవై మంది. మీ పార్టీలు వేరు, జెండాలు వేరు. ఉత్తరం మాత్రం అందరికీ ఒకటే రాస్తున్నాను. నేను అడగబోయేది ఏ ముఖ్యమంత్రి చేతిలోనూ లేదు, ఏ పోలీసు అధికారి చేతిలోనూ లేదు, న్యాయమూర్తుల చేతిలో కూడా సగమే ఉంది. రద్దయిన చట్టం కింద జైలుకెళ్లినవాళ్లకు పరిహారం: చట్టం చేసేవాళ్లే ఇవ్వగలిగినది అది.

నేను చిన్న పట్టణంలో క్రిమినల్ కేసులు చూసుకునే న్యాయవాదిని. పొద్దున పదిన్నరకు కోర్టు హాలు గుమ్మంలో అటెండరు మూడుసార్లు పేరు పిలిచేలోగా నా కక్షిదారు లోపల నిలబడి ఉండేలా చూడటం నా పనిలో సగం. వాయిదా అడగడం మిగతా సగం. ఇరవై ఏళ్లకు పైగా ఇదే నా బతుకు. ఇన్నేళ్లలో కక్షిదారులు అడిగిన ప్రశ్నలకు ఏదో ఒక జవాబు చెప్పి పంపాను. ఒక్కదానికి మాత్రం చెప్పలేకపోయాను.

ఆ ప్రశ్న అడిగినవాడు ఒక ఫొటో స్టూడియో యజమాని. బస్టాండు ఎదురుగా పది అడుగుల గది. పెళ్లి ఆల్బములు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు, పక్కనే ఒక జిరాక్సు మిషను. 2013 జనవరిలో ఫేస్‌బుక్‌లో ఎవరో గీసిన వ్యంగ్యచిత్రాన్ని తన పేజీలో పెట్టుకున్నాడు. అది ఒక రాజకీయ నాయకుడి మీద. గీసింది ఇతను కాదు, కింద రాసిన వ్యాఖ్య కూడా ఇతనిది కాదు. శుక్రవారం సాయంత్రం షట్టరు దించే వేళకు పోలీసులు వచ్చారు. ఐటీ చట్టం సెక్షన్ 66ఎ, అంటే ఆన్‌లైన్‌లో ఇతరులకు చిరాకు, అసౌకర్యం కలిగించే సందేశాలను నేరంగా చూసిన సెక్షన్. మూడేళ్ల దాకా శిక్ష ఉన్నా బెయిలుకు అర్హమైన సెక్షనే అది. అయితే బెయిలు కాగితం మీద దొరికితే చాలదు, ఇద్దరు జామీనుదారులు ఇంటిపన్ను రసీదులతో వచ్చి నిలబడాలి. మర్నాడు రెండో శనివారం, ఆ తర్వాత ఆదివారం, ఆపైన పండుగ సెలవులు. జామీను పెడతామన్నవాళ్లు సొంతూళ్లకు వెళ్లిపోయారు. మొదటి రాత్రి స్టేషన్లో, భోగి, సంక్రాంతి, కనుమ సబ్‌జైల్లో. బుధవారం నాడు బయటికి వచ్చాడు. మొత్తం అయిదు రాత్రులు.

అతని సీపీయూను, ఫోనును సాక్ష్యంగా పట్టుకుపోయారు. సీపీయూలో మూడు పెళ్లిళ్ల ఫొటోలున్నాయి. ఇంకా ఆల్బములు కట్టలేదు. వధువు తండ్రులు ముగ్గురూ వచ్చి అడ్వాన్సు వెనక్కి తీసుకున్నారు. వాళ్లలో ఒకాయన డబ్బు తీసుకున్నాక కూడా షాపు ముందు అరుగు మీద చాలాసేపు కూర్చుని ఏడ్చాడట, కూతురి పెళ్లి మళ్లీ జరగదు కదా అని. మాఘమాసం ముహూర్తాల్లో ఇతన్ని ఎవరూ పిలవలేదు.

ఆ తర్వాత వాయిదాలు. 2015 మార్చి 24న సుప్రీంకోర్టులో జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ నారిమన్‌లతో కూడిన ధర్మాసనం 66ఎ మొత్తాన్ని కొట్టేసింది. వాక్ స్వాతంత్ర్యానికి విరుద్ధం అంది. 'చిరాకు కలిగించడం', 'అసౌకర్యం కలిగించడం' అనే మాటలకు హద్దే లేదని, ఎవరికి ఏది చిరాకో ఎవరు తేలుస్తారని అడిగింది. చలమేశ్వర్ గారు మన కృష్ణా జిల్లా మనిషి. ఆ రోజు మా బార్ అసోసియేషన్ గదిలో నేను మైసూర్‌పాక్ పంచాను. తొందరపడ్డాను. తీర్పు ప్రతి తెమ్మన్నారు, తెచ్చాను. ప్రాసిక్యూషన్ వారు పైనుంచి ఆదేశాలు రాలేదన్నారు. న్యాయమూర్తి బదిలీ అయ్యారు. కొత్తవారు రావడానికి అయిదు నెలలు పట్టింది. దేశంలో లేని నేరానికి మా కోర్టులో మరో తొమ్మిది వాయిదాలు నడిచాయి. తొమ్మిది సార్లూ అతను షాపు మూసుకుని వచ్చి గుమ్మం పక్కన నిలబడ్డాడు.

2017లో కేసు మూసేశారు. కోర్టు ఆస్తుల గది నుంచి సీపీయూ తిరిగి వచ్చింది. లక్క ముద్ర వేసిన గుడ్డ సంచి, దానికి దారంతో కట్టిన అట్టముక్క, దాని మీద నీలిసిరాతో 'ఎం.ఓ.1'. సాక్ష్యంగా దాఖలైన మొదటి వస్తువు అని అర్థం. సంచి విప్పితే ఎలుకలు కొరికిన వైర్లు, లోపల బూడిదరంగు దుమ్ము. హార్డ్ డిస్కు తిరగలేదు. అతను నా వైపు చూసి అడిగాడు: "సార్, ఇంతకీ నేను తప్పు చేసినట్టా, చేయనట్టా?"

నిర్దోషి అని తీర్పు రాలేదు. దోషి అనీ రాలేదు. కేసు ముగిసింది, అంతే. మరి ఆ అయిదు రాత్రులకు, ఆ మూడు పెళ్లిళ్లకు ఎవరిని అడగాలి? సభ్యులారా, నా దగ్గర జవాబు లేక ఆ ప్రశ్నను మీకు పంపుతున్నాను.

వెతకలేదని అనుకోకండి. మన చట్టాల్లో పరిహారం అనే మాట ఉన్న ప్రతి తలుపూ తట్టాను. తప్పుడు ఫిర్యాదు వల్ల కేసు పెడితే ఫిర్యాదిదారు చేత పరిహారం ఇప్పించే సెక్షన్ ఉంది. అయితే మా కేసులో ఫిర్యాదు తప్పుడుది కాదు. బొమ్మ పెట్టిన మాట నిజం, దాన్ని నేరమన్న చట్టం ఆ రోజుకు ఉన్న మాటా నిజం. తగిన కారణం లేకుండా అరెస్టు చేయించినవారి మీద మరో సెక్షన్ ఉంది. దాని కింద మేజిస్ట్రేటు ఇప్పించగలిగింది గరిష్ఠంగా వెయ్యి రూపాయలు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 358. కొత్త నాగరిక్ సురక్షా సంహితలో సెక్షన్ నంబరు మారింది, వెయ్యి మాత్రం మారలేదు. పోలీసు అధికారి దురుద్దేశంతో చేశాడని నిరూపించవచ్చా అంటే, ఆయన కూడా పుస్తకంలో ఉన్న సెక్షన్ ప్రకారమే వచ్చాడు. మేజిస్ట్రేటు జామీను అడగడమూ పద్ధతి ప్రకారమే.

చిక్కంతా ఇక్కడే. మన దేశంలో పరిహారం కావాలంటే తప్పు చేసిన మనిషిని చూపించాలి. చట్టమే తప్పయినప్పుడు చూపించడానికి మనిషి ఉండడు. ఫిర్యాదిదారు, ఎస్సై, మేజిస్ట్రేటు, జైలరు, అందరూ చట్టం చెప్పినట్టే నడుచుకున్నారు. ఆ చట్టాన్ని రాసినవాళ్లు మాత్రం ఈ వరసలో కనిపించరు. ఆ వరసలో చివర నిలబడాల్సింది మీరు కూర్చునే సభ.

66ఎ ఎలా పుట్టిందో గుర్తు చేస్తాను. మీలో చాలామంది అప్పటికి సభలో లేరు. 2008 డిసెంబరు 22న, ముంబయి దాడులు జరిగి నెలైనా తిరగకముందే, గందరగోళం మధ్య ఐటీ సవరణ బిల్లు లోక్‌సభలో చర్చ లేకుండా నెగ్గింది. మర్నాడు రాజ్యసభ. 2009 అక్టోబరు నుంచి అమలు. 2012 నవంబరులో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఇద్దరు అమ్మాయిలను పట్టుకున్నారు. ఒకామె పోస్టు రాసింది, రెండో ఆమె దానికి 'లైక్' కొట్టింది. 2013 మేలో హైదరాబాద్‌లో న్యాయవాది, పౌరహక్కుల నాయకురాలు జయ వింధ్యాలను అరెస్టు చేశారు. చీరాల ఎమ్మెల్యే గురించి, అప్పటి తమిళనాడు గవర్నరు గురించి ఫేస్‌బుక్‌లో రాశారని. ఆ అరెస్టు తర్వాతే, పైఅధికారుల అనుమతి లేకుండా ఈ సెక్షన్ కింద ఎవరినీ పట్టుకోవద్దని సుప్రీంకోర్టు చెప్పింది. మా ఫొటో స్టూడియో మనిషి అప్పటికే సబ్‌జైలు చూసి వచ్చేశాడు.

సెక్షన్‌ను కొట్టేశాక కూడా అది చావలేదు. 2021 మార్చి నాటికి 11 రాష్ట్రాల జిల్లా కోర్టుల్లో 66ఎ కేసులు 745 పెండింగులో ఉన్నాయని పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ సుప్రీంకోర్టుకు చెప్పింది. న్యాయమూర్తులు విస్తుపోయారు. కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు లేఖ రాసింది. 2022 అక్టోబరులో కోర్టు మరోసారి గట్టిగా ఆదేశించింది. చివరకు 2023లో మీ సభే జన్ విశ్వాస్ చట్టం పేరుతో 42 చట్టాల్లోని 183 నిబంధనలను సవరిస్తూ, ఆ పట్టికలో ఒక వరుసగా 66ఎను కూడా పుస్తకం నుంచి తీసేసింది. ఒక్క వాక్యం. ఆ సెక్షన్ కింద జైలుకెళ్లిన మనుషుల గురించి దాని పక్కన మరో వాక్యం లేదు. పట్టాలు తప్పిన రైలును యార్డుకు లాక్కెళ్లి రంగులు వేశారు, ప్రయాణికుల సంగతి అడిగినవాళ్లు లేరు.

మీ వైపు నుంచి ఒక మాట వస్తుందని నాకు తెలుసు: 'ప్రభుత్వమే దయతలచి ఇవ్వచ్చు కదా, దానికి చట్టం ఎందుకు?' హైదరాబాద్ అనుభవం చూడండి. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగాక పట్టుకున్న ముస్లిం యువకుల్లో చాలామంది మీద కేసులు నిలబడలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జాతీయ మైనారిటీ కమిషన్ సిఫారసు మీద 70 లక్షల రూపాయలు ఇచ్చింది. ఇరవై మందికి మూడేసి లక్షలు, యాభై మందికి ఇరవయ్యేసి వేలు. 2013 సెప్టెంబరులో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసి, ఇచ్చిన సొమ్మును తిరిగి రాబట్టమంది. అది నేరం రద్దయిన వ్యవహారం కాదు, సాక్ష్యం నిలవని వ్యవహారం. అయినా పాఠం ఒకటే. చట్టం ఆసరా లేని పరిహారం ఎవరో ఒకరి పిటిషన్‌తో గాలికి పోతుంది. ఇవ్వాలనుకున్న ప్రభుత్వానికి కూడా చెయ్యి ఆడదు.

రిట్ పిటిషన్ దారి ఉంది, అంటే హక్కుకు భంగం కలిగిందని నేరుగా హైకోర్టుకో సుప్రీంకోర్టుకో వెళ్లడం. 1983లో రుదుల్ సా కేసులో సుప్రీంకోర్టు ఆ దారి తెరిచింది. బిహార్‌లో నిర్దోషిగా విడుదల కావాల్సిన మనిషి మరో పద్నాలుగేళ్లు జైల్లోనే ఉండిపోతే, మొత్తం 35 వేలు ఇప్పించింది. కాకపోతే అది న్యాయమూర్తి మనసుకు తోస్తే దొరికేది, అడిగి తీసుకునే హక్కు కాదు. ఫొటో స్టూడియో యజమాని అయిదు రాత్రుల కోసం హైకోర్టు దాకా వెళితే ఖర్చులు పరిహారాన్ని మింగేస్తాయి. 2025 జులైలో సుప్రీంకోర్టే, అన్యాయంగా జైలు పాలైనవారి పరిహారానికి చట్టం చేయాలా వద్దా అన్నది పార్లమెంటు చూసుకోవాల్సిన విషయమని చెప్పింది. అంటే బంతి మీ దగ్గరే ఉంది.

లా కమిషన్ 2018 ఆగస్టులో ఇచ్చిన 277వ నివేదిక ఈ దిశలో మంచి ప్రయత్నం. అక్రమ ప్రాసిక్యూషన్‌కు గురైనవారి కోసం జిల్లాకో ప్రత్యేక కోర్టు ఉండాలంది. దాన్ని ఆశగా చదివాను. చదివాక నిరాశపడ్డాను. అందులో 'అక్రమం' అంటే దురుద్దేశంతో గానీ, సద్భావన లేకుండా గానీ నడిపిన కేసు. మళ్లీ అదే మనిషిని వెతకడం. ఆ నివేదికను రేపే అచ్చంగా చట్టం చేసినా మా కక్షిదారుకు రూపాయి రాదు.

అంతర్జాతీయ ఒప్పందం మాటకొస్తే, పౌర రాజకీయ హక్కుల ఒడంబడికలో భారత్ 1979లో చేరింది. చేరేటప్పుడే 9వ అధికరణంలోని అయిదో క్లాజుకు మినహాయింపు రాసుకుంది. చట్టవిరుద్ధమైన నిర్బంధానికి పరిహారం పొందే హక్కు అనేది ఆ క్లాజులో ఉంది. మా న్యాయవ్యవస్థలో అలాంటి హక్కు లేదని ప్రపంచానికి రాసిచ్చాం. అది రాసి నలభై ఆరేళ్లు దాటింది.

ఇక స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన పాత శిక్షాస్మృతి (ఐపీసీ) సెక్షన్ 377. ఇద్దరు వయోజనుల ఇష్టపూర్వక సంబంధం నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టులో అయిదుగురు న్యాయమూర్తులు తేల్చారు. పెండింగు కేసుల్లో ఈ తీర్పును వాడుకోవచ్చు గానీ, ముగిసిపోయిన కేసులను తిరగదోడడానికి వీల్లేదు అన్నారు. అదే తీర్పులో జస్టిస్ ఇందు మల్హోత్రా, ఈ సమాజానికి చరిత్ర క్షమాపణ బాకీ పడిందని రాశారు. గొప్ప వాక్యం. నేను చాలాసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ నాకు తట్టేది ఒకటే: చరిత్రకు చిరునామా లేదు, దాని మీద నోటీసు జారీ చేయలేం. చట్టాన్ని నూట యాభై ఏళ్లకు పైగా ఉంచుకున్న రాజ్యానికి చిరునామా ఉంది.

ఇలాంటిదే మన హైదరాబాద్‌లో ఇంకొకటి. నిజాం కాలం నాటి నపుంసకుల చట్టం, 1329 ఫస్లీ, అంటే 1919. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు ఆడవేషంలో కనిపించినా, వీధిలో పాడినా ఆడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు. వాళ్ల పేర్లకు పోలీసు దగ్గర ఒక రిజిస్టరు. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. వైజయంతి వసంత మోగ్లి తదితరులు వేసిన పిటిషన్ మీద. నూట నాలుగేళ్ల చట్టం. దాని కింద పట్టుబడినవాళ్లలో ఎక్కువమంది ఇప్పుడు లేరు. ఆలస్యం చేస్తే పరిహారం అడిగేవాళ్లే మిగలరు. ప్రభుత్వాలకు ఆ లెక్క బాగానే తెలుసు.

పార్లమెంటే చట్టాన్ని రద్దు చేస్తే పరిస్థితి ఇంకా విచిత్రం. కోర్టు కొట్టేస్తే కనీసం కేసు ముగుస్తుంది. మీరు రద్దు చేస్తే అదీ గ్యారంటీ లేదు. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం ఆరో సెక్షన్ ప్రకారం, రద్దు చట్టంలో వేరుగా చెప్పకపోతే, పాత నేరానికి పాత కేసు అలాగే నడుస్తుంది. 2024 జులై 1న ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చినప్పుడు ఆత్మహత్యా యత్నాన్ని నేరంగా చూసే పాత సెక్షన్ 309ను అందులోకి తీసుకోలేదు, ప్రభుత్వోద్యోగిని ఒత్తిడి చేయడానికి చేసే ప్రయత్నం ఒక్కటి తప్ప. కానీ అదే సంహితలోని 358వ సెక్షన్ పాత కేసులను కాపాడి ఉంచింది. ఈ రోజు నేరం కానిదానికి నిన్నటి తేదీ పేరు మీద మనిషి బోనులో నిలబడవచ్చు.

309 అంటే నాకు ఒక పత్తి రైతు గుర్తొస్తాడు. అప్పుల బాధకు పురుగుమందు తాగి బతికి బయటపడినవాడు. ఆస్పత్రి మంచం మీద సెలైను ఎక్కుతుండగానే కానిస్టేబుల్ వాంగ్మూలం రాసుకున్నాడు. కోర్టుకు వచ్చిన మొదటి వాయిదాకే "తప్పు ఒప్పుకుంటానయ్యా" అన్నాడు. పోరాడవచ్చని చెప్పాను. ఊరి నుంచి బస్సు చార్జీ, ఒక కూలిరోజు, ఒక పూట తిండి, అన్నీ వేళ్ల మీద లెక్కేసి, జరిమానాయే చవక అన్నాడు. బెంచి క్లర్కు దగ్గర జరిమానా కట్టి, రసీదు మడిచి చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. కోర్టుల భాషలో అతనిది 'ముగిసిపోయిన కేసు'. పేదవాడి కేసులు ఎప్పుడూ త్వరగానే ముగుస్తాయి. అందుకే 'ముగిసిన కేసుల జోలికి పోవద్దు' అన్న నియమం అందరినీ సమానంగా చూస్తున్నట్టు కనిపిస్తుంది గానీ, పై కోర్టు దాకా పోరాడగలిగినవాడికే మేలు చేస్తుంది.

ఇప్పుడు నా మీద నేనే ఒక అభ్యంతరం చెప్పుకుంటాను, మీలో న్యాయవాదులైన సభ్యులు ఎలాగూ చెబుతారు. 1995 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో సడలింది. 1996లో సంచిలో సీసాతో పట్టుబడినవాడికి, మరుసటి ఏడాది అదే సీసా ప్రభుత్వ ఖజానాకు ఆదాయం అయింది కాబట్టి, పరిహారం ఇవ్వాలా? నా మటుకు నేను అక్కర్లేదనే అంటాను. అది విధానం మార్పు. చట్టం ఉన్నన్నాళ్లూ అది చెల్లుబాటయ్యే చట్టమే, అతనికీ ఆ సంగతి తెలుసు. అలాంటి చోట పెండింగు కేసు ఎత్తేసి, కట్టని జరిమానా మాఫీ చేసి, పట్టుకున్న బండి తిరిగిస్తే చాలు. 66ఎ, 377 సంగతి అది కాదు. రాజ్యాంగం వచ్చాక చేసిన చట్టం ప్రాథమిక హక్కును హరిస్తే అది చెల్లదని 13వ అధికరణం రెండో క్లాజు చెబుతోంది. అంటే 66ఎ 2015లో చచ్చిపోయింది కాదు, 2009లో పుట్టినప్పుడే ప్రాణం లేనిది. 377 రాజ్యాంగం కంటే ముందే ఉన్నది కాబట్టి మొదటి క్లాజు లెక్కన 1950 నుంచి ఆ మేరకు చెల్లలేదు. ప్రాణం లేని చట్టం చూపించి మనిషిని అయిదు రాత్రులు గదిలో పెట్టిన రాజ్యం, చట్టం చెప్పింది కాబట్టి చేశానని ఎలా అంటుంది? ఈ రెండు రకాలనూ ఒకే గాట కట్టవద్దు. ఆ తేడాను చట్టంలోనే రాయండి.

డబ్బు ఎక్కడిదంటారేమో. జర్మనీలో 1971 నుంచి ఒక చట్టం ఉంది. కేసు నిలబడకపోతే నిర్బంధంలో గడిపిన ప్రతి రోజుకూ పరిహారం, ఎవరి దురుద్దేశమూ నిరూపించనక్కర్లేదు. 2020లో రోజుకు 25 యూరోలను 75కు పెంచారు. మగవారి మధ్య సంబంధాలను నేరంగా చూసిన 175వ సెక్షన్ అక్కడ 1994లో పోయింది. 2017లో వాళ్ల పార్లమెంటు పాత శిక్షలను రద్దు చేసి, ఒక్కో శిక్షకు 3,000 యూరోలు, జైల్లో గడిపిన ఒక్కో ఏడాదికి 1,500 ఇచ్చింది. రెండేళ్ల తర్వాత, శిక్ష పడకపోయినా దర్యాప్తు ఎదుర్కొన్నవారికి 500 చొప్పున ఇవ్వడానికి ఒప్పుకున్నారు. పెద్ద మొత్తాలేమీ కావు. అయితే ఆ 500 ఎవరికి దక్కాయో చూడండి: శిక్ష పడనివాళ్లకు, కేసు మాత్రమే మోసినవాళ్లకు. మా ఫొటో స్టూడియో మనిషి లాంటివాళ్లకు. అందరూ ఇలాగే చేశారని చెప్పను. న్యూజిలాండ్ 2018లో ఇలాంటి శిక్షలను రికార్డుల నుంచి తుడిచేసింది గానీ, పరిహారం లేదని చట్టంలోనే రాసుకుంది. కనీసం ముఖం మీదే చెప్పింది.

మీరు చేయాల్సింది పెద్ద గ్రంథం కాదు. 2025 ఆగస్టు 18న రెండో జన్ విశ్వాస్ బిల్లు లోక్‌సభకు వచ్చి, సెలక్ట్ కమిటీకి వెళ్లింది. వ్యాపారుల మీద, సంస్థల మీద ఉన్న చిన్నచిన్న నేరాలను జరిమానాలుగా మార్చే బిల్లులు మున్ముందూ వస్తాయి. మంచిదే, నాకు అభ్యంతరం లేదు. వ్యాపారానికి సులువు చేసే ప్రతి బిల్లుకూ చివర ఒక సెక్షన్ తగిలించమంటున్నాను. నేరం కాకుండా పోయిన రోజునే పెండింగు కేసులు ముగియాలి. ముగించమని పిటిషన్ వేయాల్సింది పబ్లిక్ ప్రాసిక్యూటరు, ముద్దాయి కాదు. కట్టిన జరిమానా, జప్తయిన వస్తువు లేదా దాని విలువ, జామీను సొమ్ము అడగకుండానే తిరిగి రావాలి. రాజ్యాంగ విరుద్ధమని తేలిన సెక్షన్ కింద ఎవరైనా కస్టడీలో గడిపి ఉంటే, రోజుకు ఆ రాష్ట్రపు కనీస వేతనానికి మూడు రెట్లు, ఎవరి తప్పూ నిరూపించకుండా, జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఇవ్వాలి. మూడు రెట్లు నేను వేసిన లెక్క, నాలుగంటే సంతోషం. లెక్క తీయడం కష్టం కాదు. ప్రతి సబ్‌జైలు రిజిస్టరులో వచ్చిన తేదీ, వెళ్లిన తేదీ, సెక్షన్ నంబరు ఉంటాయి. మనిషిని లోపల పెట్టేటప్పుడు అంత శ్రద్ధగా రాసుకున్న పుస్తకమే ఇప్పుడు డబ్బు లెక్కకూ పనికొస్తుంది.

ఇంకొకటి, డబ్బు కంటే ముఖ్యం. మా కక్షిదారు 2018లో కువైట్‌లో ఫొటో ల్యాబ్ పనికి వెళ్లాలని పాస్‌పోర్టు పెట్టుకున్నాడు. విచారణకు వచ్చిన కానిస్టేబుల్ "మీ మీద ఏదో కేసుందట కదా" అన్నాడు. కేసు మూసేసిన కోర్టు ఉత్తర్వు ప్రతిని నేను ఇచ్చి పంపాను. మూడు నెలలు తిరిగాడు. అప్పటికి ఆ ఉద్యోగం ఇంకొకరికి పోయింది. రద్దయిన సెక్షన్ పేరు మనిషి రికార్డు నుంచి కూడా రద్దు కావాలి, దానితో పాటు అతని చేతిలో ఒక కాగితం ఉండాలి. మీ మీద పెట్టిన కేసు పెట్టకూడనిది, అందుకు ప్రభుత్వం చింతిస్తోంది, అని తెలుగులో, అధికారి సంతకంతో, గుండ్రటి ముద్రతో.

సభ్యుడిగా సొంతంగా ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టే ఓపిక మీకు లేకపోతే, ప్రశ్న అయినా అడగండి. పదిహేను రోజుల ముందు నోటీసిస్తే చాలు. మీ కార్యాలయంలో రాసేవాళ్లు లేరని అనకుండా నేనే రాసి పంపుతున్నాను:

"ఐటీ చట్టం సెక్షన్ 66ఎ అమల్లో ఉన్న కాలంలోను, 2015 మార్చి 24 తర్వాతా ఆ సెక్షన్ కింద రాష్ట్రాలవారీగా ఎంతమందిని కస్టడీలో ఉంచారు, వారు గడిపిన మొత్తం రోజులెన్ని, వారి నుంచి స్వాధీనం చేసుకున్న ఫోన్లు, కంప్యూటర్లలో ఎన్ని తిరిగి ఇచ్చారు, వారిలో ఎవరికైనా పరిహారం ఇచ్చారా, ఇవ్వకపోతే కారణమేమిటి?"

అరవై మందిలో ఎవరు నోటీసిచ్చినా సరే. సమాధానం సభ బల్ల మీదికి వచ్చిన రోజు దాని నకలు నాకు పంపండి. ఫొటో స్టూడియోలో కౌంటరు వెనక మేకుకు ఆ 'ఎం.ఓ.1' అట్టముక్క ఇంకా వేలాడుతోంది. దాని పక్కన ఇంకో మేకుకు చోటుంది.

ఇట్లు,
కింది కోర్టులో పనిచేసే ఒక న్యాయవాది